చాయ్‌లో మందు పెట్టిందనుకున్నాను

కొడంగల్‌లో ఒక పెళ్లి రిసెప్షన్. మాది ఇంటివాళ్లమే నడుపుకునే బ్యాండు. పెద్దకొడుకు కీబోర్డు, చిన్నవాడు డ్రమ్ ప్యాడ్, పాడేది నేను, పెద్దకోడలు సునీత. రెండో పాటలో పైకి అందుకోబోతే నా గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. సునీత వెంటనే అందుకుని పాడేసింది. జనం చప్పట్లు కొట్టారు.

అంత సిద్ధంగా ఎట్లా ఉంది? స్టేజీ ఎక్కేముందు నాకు చాయ్ ఇచ్చింది తనే. నా గొంతు పోవడానికి మందు పెట్టిందని గట్టిగా అనుకున్నాను.

అప్పటినుంచి ఆమె ఇచ్చిన చాయ్ మోరీలో పోసేదాన్ని. నా చెల్లెలికి ఒక్కదానికే చెప్పాను. తాండూరు దాటి కర్ణాటక వైపు మందు కక్కించే మనిషి ఉన్నాడని అదే తీసుకుపోయింది. అతను పసరు తాగించి, వాంతిలో నల్లటి ఉండ చూపించాడు. అది అతని చేతిలోంచి రాలేదంటే ఇప్పుడు నమ్మను. మూడుసార్లు పోయాను. మాట కూడా బొంగురుపోయింది.

చివరికి పెద్దోడు వికారాబాద్‌లో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాడు. ఆయన ముక్కులోంచి స్కోప్ వేసి, "వోకల్ కార్డ్ మీద పాలిప్ ఉందమ్మా, చిన్న బుడిపె లాంటిది. గొంతుకు రెస్ట్ లేకుంటే వస్తది" అన్నాడు. కోడలే ముందుగా ఫోన్ చేసి చెప్పించిందేమో అనిపించింది. హైదరాబాద్ పోయి ఇంకో స్కోప్ చేయించుకున్నాను. అక్కడా పాలిపే.

ఆపరేషన్ అయింది. బయాప్సీలో క్యాన్సర్ లేదన్నారు. వారం వాయిస్ రెస్ట్, గుసగుస కూడా వద్దన్నారు. మూడోరోజే ఫోన్‌లో చెల్లెలికి గుసగుసగా కోడలి మీద చెప్పుకున్నాను. చెకప్‌లో వాపు కనిపించింది. ఇంకో రెండు వారాలు నోరు మూసుకోమన్నారు.

అప్పుడు సునీత నా ముందు కూర్చుంది. "అత్తమ్మా, నేనిచ్చిన చాయ్ ఎందుకు పారబోస్తున్నవ్?"

యాభై దాటాక నేర్చిన అక్షరాలు నావి. మందు పెట్టినవనుకున్న అని కాగితం మీద రాశాను. చదివింది.

"మందు పెట్టేదుంటే నీ నోటికి పెడుతుంటి, గొంతుకెందుకు పెడ్త? నువ్వు పాడకుంటే మనల్నెవరు పిలుస్తరు?" అని లేచిపోయింది.

ఏడాది దాటింది. గంటకు మించి పాడను. పైస్థాయి పాటలు ఆమెవే. ఇంట్లో అవసరమైనంతే మాట్లాడుతుంది.

బొంగురు మూడు వారాలు దాటితే స్కోప్ వేయించుకోండి. డాక్టరు మీద నమ్మకం లేకపోతే ఇంకో డాక్టరుకు చూపించండి. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరి పేరూ ఎత్తకండి. నా రిపోర్టు పట్టుకుపోయి చెల్లెలికి చూపించాను. "గిసుంటివి మిషన్లకు దొరుకుతయా అక్కా" అంది. సునీత చేతి నీళ్లు అది ఇప్పటికీ ముట్టదు.