రహమత్‌బీ కుట్టిన నల్ల అబాయా

రహమత్‌బీ నోటికి దణ్ణం పెట్టాల. రాయచోటి మనిషి, గల్ఫులో ఉండే కల్బాలో బట్టలు కుడతాది. ఎవర్నీ మెచ్చుకుని ఒక్క మాట అన్న పాపాన పోలా ఆ మహాతల్లి. అయినా ఆమె లేకుంటే ఈ పొద్దు ఈ అంజి రాజంపేటలో కూర్చోని మీకీ కత చెప్పేదే కాదు.

2022 రంజాను ముందర, నేను పనిమనిషిగా ఉండే విల్లాకి పండగ బట్టల కొలతలకని వచ్చినాది. నా ఫోను, పాస్‌పోర్టు రెండేండ్లుగా నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ బీరువాలో ఉండాయి. ఊరికి పోతానంటే దెబ్బలే. టేపు మేడమ్ భుజాల మింద ఉంటే, రహమత్‌బీ చూపు నా మోచేతి మింది కమిలిన మచ్చ మింద ఉండాది.

వారం తర్వాత, రొట్టెలు తెచ్చే నెల్లూరు షాహుల్ వంటింటి గడప కాడ గుసగుసగా చెప్పినాడు. రహమత్‌బీ కుట్టి పంపిన బట్టల మూట అడుగున ఉండే, ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా నాదేనంట. శుక్రవారం అన్నాలైనాక చెత్త పారెయ్యను గేటు తాళం నాకిస్తారు గదా, అప్పుడు తొడుక్కోని నడిచి రావాలంట. చెత్త కవరు మాత్రం లోపలే పెట్టెయ్యాలంట. అబాయాలో ఉండే ఇంటామె చెత్త మొయ్యదు, చూసినోళ్ళకి అనుమానమొస్తాది.

ఆ మధ్యాన్నం వీధి వీధంతా నిద్రపోతాంది. ఎండ పాలమీగడ మాదిరి తెల్లగా పరుచుకోనుంది. సముద్రం కనపడలా, ఉప్పు వాసన మాత్రం వొస్తాంది. కొలత తియ్యకుండానే కుట్టిన అబాయా నాకు అతికినట్టు సరిపోయినాది. కలలో ఎవరో నా కాళ్ళతో నడస్తాన్నట్టుండాది. భయమేసింది గానీ, ఆ భయం గూడా యాడో నిద్రలో ఉన్నట్టే ఉండాది.

మలుపులో షాహుల్ కారు, వెనక సీట్లో రహమత్‌బీ. ఎక్కి కూర్చున్యాక చూసుకుంటే నా ఒళ్ళో చెత్త కవరు! రెండేండ్లలో అది లేకుండా ఆ గేటు దాటిందాన్ని కాదు. చెయ్యి దానంతటదే పట్టుకోనొచ్చినాది.

సచ్చినాన్రా దేవుడా అనుకున్యా. తిట్టను నోరు తెరిచినాది ఆమె. తెరిచి, మళ్ళీ మూసినాది. కవరు మెల్లగా తీసి తన కాళ్ళ కాడ పెట్టుకున్యాది.

"నేను పారిపోయిన దినం చీపురు పట్టుకోనొచ్చినా మే," అనింది.

పాస్‌పోర్టు లేకున్నా ఊరికి పోనిచ్చే ఔట్‌పాస్ కాయితం చేతికొచ్చేదాకా మూడు వారాలు ఆమె షాపు వెనక గదిలోనే దాక్కోనున్యా. ఆ చీపురు తలుపెనక మేకుకు ఉండాది. మొదటి రోజు పొద్దున్నే లేచి, గది ఊడుద్దామని దాన్ని తీసినా. నా చేతిలోంచి లాక్కోని, కదలకుండా కూచోమని గదమాయించి, తానే ఊడ్చినాది. ఇంకొకరు ఊడస్తా ఉంటే నేను కూర్చోని చూసినా. ఏడుపాగలా.