నలభై ఏడుతో ముగిసే నంబరు

“ఈ అంగడి నీదా, మీ అక్కదా?”

అయిదేళ్ల కిందట పలమనేరులో నలుగురు గిరాకీల ముందు ఏకాంబరం అడిగిన మాట ఇది. పాల కేంద్రం నడిపే మనిషి, డొంకతిరుగుడు తెలీదు. కూతురు లోహితకి ల్యాప్‌టాప్ కొనడానికి వచ్చినాడు. బేరమాడేది ముందు నిలబడ్డ షాకిర్‌తో. మిషన్ గురించి ఏది అడిగినా జవాబు మాత్రం లోపలి బల్ల దగ్గరి నుంచి అతని అక్క ఇఫ్ఫత్ చెబుతోంది. ఎవరితో మాట్లాడాలో తెలిస్తే సగం పొద్దు మిగులుతుందని ఆయన బాధ.

“నాదే” అన్నాడు షాకిర్.

లోపల స్క్రూడ్రైవరు చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది. అది ఆగడం షాకిర్ విన్నాడు. విననట్టు బిల్లు రాశాడు.

బోర్డు మీద ‘పీరా సాహెబ్ అండ్ సన్’ అని ఉంటుంది. వాచీలు బాగుచేసిన తండ్రి కాలం నాటి పేరు. వాచీల గిరాకీ పోయి అంగడి కంప్యూటర్లకి మారినప్పుడు ఆ పని నేర్చుకున్నది కూతురు, బేరం నేర్చుకున్నది కొడుకు. తండ్రి పోయాక బజారు వీధిలోకి మారారు. అడ్వాన్సు ఎనభై వేలు. సగం తండ్రి మిగిల్చింది, సగం ఇఫ్ఫత్ చీటీ పాడి తెచ్చింది. తోబుట్టువుల ప్రేమ గురించి పెళ్లి పందిళ్లలో చెప్పే మాటలు వినడానికి బాగానే ఉంటాయి. బోర్డు రాసేవాడు వచ్చి ఏం పేరు రాయాలని అడిగినప్పుడు ఆ మాటలేవీ షాకిర్‌కి గుర్తు రాలేదు. పాత అక్షరాలకే కొత్త రంగు వేయించాడు.

ఏకాంబరం అడిగి వెళ్లిన మూడో నెలలో ఇఫ్ఫత్ నాయుడుపేటలో ఉద్యోగం చూసుకుంది, ఏదో ఫ్యాక్టరీలో కంప్యూటర్ల బాధ్యత. పోట్లాట జరగలేదు. జరిగి ఉంటే రాజీకి ఒక దారన్నా ఉండేది. ఫోన్లు నెలకొకటయ్యాయి, తర్వాత అదీ లేదు.

వాళ్ల అంగడిలో ఒక పద్ధతి ఉండేది. బెంగుళూరు కంపెనీలు వదిలించుకునే పాత ల్యాప్‌టాపులు తెచ్చి అమ్మేవాళ్లు. పల్లెల నుంచి వచ్చే గిరాకీలు పాస్‌వర్డు సాయంత్రానికే మర్చిపోతారని, అన్నిటినీ అంగడి అకౌంటు ఒక్కదానితోనే మొదలుపెట్టేవాళ్లు. బస్సులో పోగొట్టుకున్నా లోపలిది ఎవడూ చదవకుండా ఇఫ్ఫత్ ప్రతి డ్రైవుకీ తాళం వేసేది. దాని చెవి నలభై ఎనిమిది అంకెలు. అదీ ఆ అకౌంటులోకే చేరేది. అంటే ఊళ్లోవాళ్ల బీరువా తాళాలన్నీ ఒకే కొక్కేనికి. చదువుకున్నవాళ్లు వింటే తల పట్టుకుంటారు. ఆ కొక్కెం ఇఫ్ఫత్ చేతిలో ఉంది: అకౌంటు తెరవాలంటే పాస్‌వర్డు చాలదు, ఆమె ఫోనుకి వచ్చే కోడ్ కావాలి. నలభై ఏడుతో ముగిసే నంబరు.

ఆమె వెళ్లాక షాకిర్ కొత్త మిషన్లకి వేరే అకౌంటు పెట్టుకున్నాడు. పాతదాంతో పని పడలేదు. అయినా రంజాన్ నాడు, బక్రీద్ నాడు నమాజు నుంచి వచ్చి, షట్టరు సగం ఎత్తి, ఆ పాత అకౌంటు పాస్‌వర్డు కొట్టి ‘కోడ్ పంపు’ నొక్కేవాడు. అంతే. నాయుడుపేటలో ఒక ఫోను ఒకసారి మోగి ఉంటుంది. కోడ్ అడిగే ఖాళీ గడిని కాసేపు చూసి మూసేసేవాడు.

పాత విండోస్‌కి అప్‌డేట్లు ఆగిపోయాక అందరూ కొత్తది వేయమని క్యూ కట్టారు. కొత్తదానికి మిషన్ లోపల ఒక భద్రత చిప్పు కావాలి, అది కూడా కొత్త రకం. ఏకాంబరం తెచ్చిన లోహిత ల్యాప్‌టాపులో చిప్పు ఉంది, పాత రకం. దాన్ని కొత్తదిగా మార్చే వీలుంది. షాకిర్ మార్చాడు. మిషన్ మళ్లీ లేచి నీలం తెర చూపించి నలభై ఎనిమిది అంకెలు అడిగింది.

డ్రైవు తాళాన్ని కనిపెట్టుకుని ఉండేది ఆ చిప్పే. కాపలావాణ్ణి మార్చే ముందు తాళాన్ని కాసేపు పక్కన పెట్టాలి. ఇఫ్ఫత్ ఆ మాట చీటీ మీద రాసి బల్ల పైన గోడకి అంటించింది. పోయిన ఏడాది గోడకి రంగు వేయిస్తూ షాకిర్ ఆ చీటీ పీకేశాడు.

అన్నీ చెరిపేసి కొత్తగా వేస్తే మిషన్ నడుస్తుందని ఏకాంబరానికి చెప్పి చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. లోహిత తిరుపతిలో రిసెర్చి చేస్తోంది. చింతపండు కొట్టే ముసలమ్మల బతుకు కథలు మూడేళ్లుగా వాళ్ల గొంతులోనే రికార్డు చేసుకుంది. అన్నీ ఇందులోనే.

“కాపీ ల్యాదప్పా. ఆ ముసిలోళ్లలో ఇద్దరు పోయినారు. మళ్లా యాడికి పోయి అడగల్ల?” అని, “మీ అక్క ఉండుంటే ఇట్లయ్యేది కాదు” అన్నాడు.

“అవును” అన్నాడు షాకిర్. అయిదేళ్ల కిందటే ఒప్పుకోవాల్సిన మాట అది.

పాత అకౌంటులో ‘కోడ్ పంపు’ నొక్కి, ఫోను తీశాడు. నాలుగోసారి మోగుతుండగా ఇఫ్ఫత్ ఎత్తింది. వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూలో.

“ఈరోజు పండగ కాదే” అంది.

అన్ని పండగలూ ఆమె లెక్కలో ఉన్నాయన్న మాట.

“ఆపా, ఒక డ్రైవుకి తాళం పడిపోయింది” అన్నాడు అక్కతో.

“తాళం పక్కన పెట్టకుండా చిప్పు ముట్టుకున్నావా? గోడ మీద చీటీ ఏమైంది?”

“గోడకి రంగు వేయించినాను.”

అవతల ఫ్యాక్టరీ హోరు వినిపిస్తోంది. షాకిర్ ఆ హోరునే విన్నాడు. తర్వాత ఆమె ఆరంకెల కోడ్ చదివింది, ఒక్కో అంకె విడివిడిగా, చిన్నప్పుడు అతనికి ఎక్కాలు చెప్పినట్టు. అకౌంటు తెరుచుకుంది. రెండొందల పైచిలుకు తాళం చెవులు. ఏకాంబరం పేరుతో వెతకొద్దంది, కూతురి పేరుతో పెట్టానంది. వాడేది ఆ పిల్ల కదా, పేరు వాళ్ల నాయనది ఎందుకుంటుందంది.

నలభై ఎనిమిది అంకెలు కొట్టాడు. తెర వెలిగింది. ఏకాంబరం ఒక రికార్డింగు పెట్టమన్నాడు. ఎవరో ముసలమ్మ, గింజ తీయను ఎనిమిదేళ్లకే కూర్చున్నానని చెబుతోంది. ఆయన ఫోను పట్టుకుని కూతురికి చెప్పడానికి బయటికి నడిచాడు.

“ఆ నంబరు మార్చుకో, నీది పెట్టుకో” అంది ఇఫ్ఫత్. “ఇంక నన్ను అడిగే పనుండదు.”

ఎప్పుడొస్తావని అడుగుదామనుకున్నాడు. ఎక్కడికి రావాలి, ఎవరి అంగడికి అని ఆమె తిరిగి అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. సరే అన్నాడు. ఫోను పెట్టేసింది.

చీటీ మళ్లీ రాసి గోడకి అంటించాడు. నంబరు మార్చే పేజీ తెరిచి, తన నంబరు మొత్తం కొట్టి, చెరిపేసి మూసేశాడు. రంజాన్‌కి ఇంకా నాలుగు నెలలుంది.

అంగడి అడ్వాన్సులో ఇఫ్ఫత్ వంతు నలభై వేలు. షాకిర్ అది ఇంకా ఇవ్వలేదు.