గోనెపట్టా అవతల విన్న ఎక్కం

నిన్న ఉస్మాన్‌గంజ్ బజార్లో గోనెసంచుల వాసన తగలగానే మా గల్లీ సర్కారు బడి గుర్తొచ్చింది. మన ఈడు వాళ్లకు తెలుసు కదా, ఒకే హాలు, మధ్యలో వేలాడే గోనెపట్టా. ఇటు తెలుగు మీడియం, అటు ఉర్దూ మీడియం.

మా వైపు పిల్లలు ఏటేటా తగ్గిపోయారు. తనిఖీకి వచ్చే అధికారి తెలుగు తరగతి ఎత్తేస్తాడని పుకారు పుట్టింది.

"గీ బడి బందైతే పురానాపూల్ వంతెన దాటి వేరే బడికి పంపియ్య. ఇంట్లనే ఉండు" అన్నాడు బాపు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

తనిఖీ నాడు మా లెక్క ఎక్కువ కనబడాలని ఉర్దూ టీచరమ్మ తన పిల్లల్లో కొందరిని మా బెంచీల మీద కూర్చోబెట్టింది. నా పక్కన, రోజూ నాతోనే బడికి నడిచొచ్చే మా పక్కింటి షహనాజ్. అధికారి సరిగ్గా ఆమెనే లేపి ఏడో ఎక్కం చెప్పమన్నాడు. ఆమె తెలుగులో ఎక్కాలు నేర్వలేదు.

షహనాజ్ కళ్లు మూసుకుని "ఏడొకట్ల ఏడు" అని మొదలుపెట్టి, అచ్చం మా రాగంలోనే చివరిదాకా అప్పజెప్పింది. రోజూ గోనెపట్టా అవతల నుంచి విన్నదే. అధికారి తలూపి వెళ్లిపోయాడు. మా తరగతి నిలిచింది.

ఇంటికి వస్తూ "నీకు భయం కాలేదా?" అని అడిగాను.

"మస్తు అయింది" అంది. "నువ్వు బడి మానితే మా అమ్మీ నన్నొక్కదాన్నే పంపదు."