తిరగవాత లేని సన్మానం

మా తాతగారి జరీ తలపాగా ట్రంకుపెట్టె అడుగున కలరా ఉండల మధ్య ఉంటుంది. మేం దాన్ని పేటా అంటాం. ఏడాదికోసారి తీసి ఎండలో పెడతాను, దులుపుతాను, మడత చెడకుండా మళ్ళీ లోపల పెడతాను. తలకు మాత్రం పెట్టుకోను. పేటా పెట్టుకోవాలంటే పిలుపు రావాలి. పటేలుగిరీ ఏనాడో పోయింది. పొలాల్లో సగం కోర్టు తినేసింది, మిగిలిన సగం నీళ్ళు పడని బోరుబావులు తిన్నాయి. ఆ తర్వాత పిలుపులు కూడా పోయాయి. ఒకప్పుడు మా ఊళ్ళో ఏ శుభకార్యమైనా మొదటి తాంబూలం మా గడపకు రావాల్సిందే. ఇప్పుడు మా గడపకు వచ్చేవి పాల క్యాన్లు. ముందు నడవలో డైరీ నడుస్తోంది. అద్దెకిచ్చానని ఊళ్ళో అంటారు. ఊరి అవసరానికి చోటిచ్చానని నేనంటాను.

ఆ డైరీ కార్యదర్శి ఒక ఉదయం పాలు కొలవడం ఆపి, చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. “పటేలప్పా, ఒక సన్మానం పెట్టుకుండాము. మీరే అధ్యక్షులు. నడిమి కుర్చీ మీది” అన్నాడు. నేను వెంటనే ఒప్పుకోలేదు. కాఫీ అయిపోయేదాకా ఆలోచిస్తున్నట్టు కనిపించి, అప్పుడు ఒప్పుకున్నాను. ఆయన గుమ్మం దాటగానే ట్రంకుపెట్టె తెరిచాను.

సన్మానం ఎవరికో చెప్పాలి. మాది బాగేపల్లి నుంచి పరగోడు వైపు పోయే దారిలో ఉన్న ఊరు. మా ఊళ్ళో ఎవరింట్లో చావు జరిగినా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఏడుపులు మొదలైన కాసేపటికే ఐదుగురు ఆడవాళ్ళు సొంత గిన్నెలతో వచ్చి, పక్కింటి గొడ్లకొట్టం దగ్గరో, ఎదురింటి వాకిట్లోనో మూడు రాళ్ళు పెట్టి వంట మొదలుపెడతారు. వాళ్ళను ఎవరూ పిలవరు. ఎవరూ మెచ్చుకోరు, మెచ్చుకోకూడదు కూడా. అన్నం, పప్పు, ఒక పులుసు. తిరగవాత మాత్రం పెట్టరు. కోస్తావాళ్ళు పోపు అంటారే, అదే. నూనెలో ఆవాలు చిటపటలాడటం శుభం జరిగే ఇంటి చప్పుడు. చావింటి పప్పులో అది వినబడకూడదు. ఏడ్చేవాళ్ళకు తినిపించి, గిన్నెలు తోముకుని, పోయొస్తామని చెప్పకుండానే వెళ్ళిపోతారు. కరోనా కాలంలో సొంత బంధువులే తొంగిచూడని ఇళ్ళకు కూడా వీళ్ళ గిన్నె వచ్చింది. మా ఇంటావిడ పోయిన రోజు మా ఇంటికీ వచ్చింది. మా వంశంలో బయటి పొయ్యి మీది అన్నం ఎవరూ తినలేదని నేను చెబుతూనే ఉన్నాను. ఐదుగురిలో పెద్దామె నా ముందు విస్తరి వేసి, “చెప్పు, వింటాండాను. చెప్తా చెప్తా తిను” అంది.

అప్పటి నుంచి నేను ఒక్కణ్ణే ఉంటున్నాను. చింతామణి టౌను నుంచి వంటమనిషి వచ్చి వండిపెట్టి పోతుందని ఊళ్ళో ఎవరో అనుకున్నారు. నేను కాదనలేదు. పటేలు ఇంట్లో పటేలే గరిటె పట్టుకున్నాడని తెలియడం కన్నా, చింతామణిలో ఒక వంటమనిషి ఉండటం మేలు కదా. పొద్దు మునిగాక వీధివైపు కిటికీ బిగించి, తలుపు గడియ పెట్టి, నా పప్పు నేను వండుకుంటాను. తిరగవాత వేసేటప్పుడు చప్పుడు బయటికి పోకుండా గిన్నె మీద పళ్ళెం మూస్తాను. ఈ ఏర్పాటు పురుగుక్కూడా తెలియదని నా గట్టి నమ్మకం.

సన్మానం సంగతి చెప్పడానికి కార్యదర్శీ నేనూ కలిసి వెళ్ళాం. అనపకాయల కాలం. ఐదుగురూ మా ఇంటికి వీధి అవతలున్న పెద్దామె ఇంటిముందు కూర్చుని, నానబెట్టిన అనపగింజల్ని వేళ్ళతో పితికి పప్పు తీస్తున్నారు. ఆ పని చేసేవాళ్ళకు ఎదురుగా నిలబడకూడదు. గింజ ఎటు దూకుతుందో చెప్పలేం. పెద్దామె కోడలి చేతిలోంచి ఒకటి ఎగిరొచ్చి నా చొక్కా బొత్తానికి తగిలింది.

“చూసి పితుకమ్మా” అన్నాను.

“చూసే పితికినా అప్పా” అంది కోడలు.

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. “మీరు చేస్తాండే సేవ మామూలుది కాదమ్మా. సముదాయ భవనంలో మీకు శాలువా కప్పి, హారం వేసి, పండ్లబుట్ట ఇచ్చి సన్మానం చేస్తాము. మీ సేవ ఇట్లే ఇంకా పెరగాల. ప్రతి ఇంటికీ చేరాల!”

ఐదుగురి చేతులూ ఆగిపోయాయి.

“ప్రతి ఇంటికీనా?” అంది పెద్దామె. “మీ ఇంటితో మొదలుపెట్టమంటావా?”

కార్యదర్శి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన నాయన ఊళ్ళోకెల్లా ముసలివాడు. ఇంకా రోజూ డైరీ దాకా నడిచొచ్చి, పాలు పలచగా ఉన్నాయని కొడుకును తిట్టి పోతుంటాడు.

“చావింటి కూటికి శాలువా యాలప్పా?” పెద్దామె ఆగలేదు. “కప్పించుకుంటే, ఇంకో చావు యాడుందా అని మేము కాచుకోని ఉండినట్ల గదా. ఆ కూటికి కుంకుమ పెట్టి తాంబూలమిచ్చేది యాడన్నా ఉండాదా? పటేలప్పా, పద్ధతులు తెలిసినోడివి. నువ్వు చెప్పు.”

ఆమె అన్నది నిజం. పద్ధతి ప్రకారం ఆ సన్మానం జరగకూడదు. జరగకపోతే నాకు నడిమి కుర్చీ లేదు. ఎండలో ఆరేసి వచ్చిన పేటా మళ్ళీ కలరా ఉండల్లోకి పోవాలి. ఇంకోసారి పిలుపు వచ్చేదాకా నేనుంటానో లేదో.

“పద్ధతిలో కూడా సందులుంటాయమ్మా. ఏదో ఒక దారి చూద్దాం” అన్నాను. మా తాతగారు ఆ మాట వింటే చేతికర్ర అందుకునేవారు.

ఐదుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“దారి ఉండాది” అంది కోడలు. “ఇన్నాళ్ళూ మేము వండినాము, మీరు కూర్చోని తింటిరి. మంచిరోజు చూసి మీరు వండండి, మేము కూర్చోని తింటాము. శాలువా వద్దు, బుట్టా వద్దు. కానీ ఆడోళ్ళ చెయ్యి తగలగూడదు. అదెట్ల, ఇదెట్ల అని ఇంట్లో పెండ్లాల్ని అడిగేది కూడా లేదు.”

“మొదటి వడ్డన పటేలప్ప చేత్తోనే” అంది పెద్దామె. “మొదటి తాంబూలం వాళ్ళింటికి పోతా ఉండె గదా. మొదటి గరిటె వాళ్ళింటి చెయ్యే పోయనీ.”

“అధ్యక్షులు వడ్డించేది ఎట్లమ్మా?” అన్నాడు కార్యదర్శి.

“యాల, చెయ్యి లేదా ఆయప్పకి?”

నేను ఒకే ఒక షరతు పెట్టాను. వడ్డించేటప్పుడు కూడా పేటా తలమీదే ఉంటుంది.

“పెట్టుకో అప్పా. వెంట్రుకలు పులుసులో పడవు” అంది కోడలు.

ఆ రోజు వంట కార్యదర్శికే అప్పగించాం. ఊరి మగవాళ్ళలో పెద్దగిన్నె దగ్గర నిలబడ్డ అనుభవం ఆయనకొక్కడికే ఉంది. ఆ ఐదుగురికి కట్టెలు కొట్టి, నీళ్ళు మోసి, గిన్నె దించిపెట్టేది ఎప్పుడూ ఆయనే. నీళ్ళెన్ని, ఉప్పెప్పుడు, మంటెంత, అంతా పక్కనే ఉండి చూసి నేర్చుకున్నాడు. సముదాయ భవనం వెనక పొయ్యి పెట్టి, రాగిసంగటి కెలికి, పితికిపప్పు పులుసు కాచాడు. నేను అటు తొంగిచూడలేదు. అధ్యక్షుడు పొయ్యి చుట్టూ తిరిగితే ఏం బాగుంటుంది? నడిమి కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి, పేటాతో కూర్చున్నాను. పక్క కుర్చీలవాళ్ళు కొంచెం దూరం జరిగారు. గౌరవం కొద్దీ జరిగారనుకున్నాను. కలరా ఉండల వాసన సంగతి తర్వాత ఎవరో చెప్పారు.

ఐదుగురూ పట్టుచీరలు కట్టుకుని వచ్చి చాపమీద వరసగా కూర్చున్నారు. అరిటాకులు పరిచాం. ఊరంతా గోడవారన నిలబడి చూస్తోంది. మైకులో నా బిరుదులు చదివారు. వాటిలో రెండు నేనెప్పుడూ వినలేదు. లేచి, బకెట్టు పట్టుకుని, పెద్దామె ఆకులో సంగటిముద్ద పక్కన మొదటి గరిటె పోశాను. తర్వాత కోడలికి, తర్వాత మిగిలిన ముగ్గురికీ పోశాను.

ఎవరూ ఆకులో చెయ్యి పెట్టలేదు.

పెద్దామె వంగి పులుసులోకి చూసింది. నున్నగా, పచ్చగా ఉంది. ఒక ఆవగింజ లేదు, ఒక కరివేపాకు రెబ్బ లేదు. ఆమె తలెత్తి, ఎంతో మర్యాదగా అడిగింది:

“పటేలప్పా, పోయిందెవరప్పా?”

భవనంలో అందరి తలలూ ఒక్కసారిగా కార్యదర్శి నాయన వైపు తిరిగాయి. ఆయన గోడకానుకుని కునుకు తీస్తున్నాడు. ఎవరో మోచేత్తో పొడిచారు. కళ్ళు తెరిచి, ఊరంతా తననే చూస్తుండటం గమనించి, “ఉండాను, ఉండాను! నన్ను చూసేది చాలిచ్చి కూడు పెట్టండ్రా” అన్నాడు.

కార్యదర్శి పెద్దగిన్నెలో వంట చూసిందంతా చావు ఇళ్ళలోనే. చూసింది చూసినట్టే వండాడు పాపం. “ఇంట్లో అడగొద్దంటిరి గదమ్మా” అన్నాడు ఏడుపు గొంతుతో.

“ఇప్పుడు ఆకు ముందర నుంచి లేస్తే ఊరికి చెడ్డ” అంది పెద్దామె. “తింటే మాకు చెడ్డ. ఏం చేస్తావో చెయ్యి అధ్యక్షప్పా.” ఐదుగురూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఫోటోకు కూర్చున్నట్టు కూర్చున్నారు.

“తిరగవాత ఎవురికి వచ్చు?” అని కార్యదర్శి మగవాళ్ళనడిగాడు. అందరూ పైకప్పు చూశారు. ఆవాలు ముందా నూనె ముందా అని ఒకాయన గొణిగాడు. గోడవారన ఉన్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు గానీ ఒక్కరూ కదల్లేదు. తిరగవాత వేయడం తెలిసిన మగవాడు ఆ భవనంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన తలమీద జరీపేటా ఉంది.

నడిమి కుర్చీ వైపు ఒకసారి చూశాను. ఖాళీగా, ఠీవిగా ఉంది. చింతామణి వంటమనిషిని తలుచుకున్నాను. మా ఇంటి పరువు ఇన్నాళ్ళు మోసిన మనిషి. ఆమెను పనిలోంచి మాన్పించక తప్పలేదు.

“మూకుడు పెట్టు” అన్నాను కార్యదర్శితో.

ఊరంతా వెనక వాకిలి దగ్గరికి తోసుకొచ్చింది. నూనె కాగాక ఒక ఆవగింజ వేసి చూశాను. పేలింది. గుప్పెడు వేశాను. ఇంట్లో అయితే పళ్ళెం మూసేవాణ్ణి. ఆవాలు ఊరందరి ముందూ టపటపా పేలాయి. ఎండుమిరపకాయలు, దంచిన వెల్లుల్లి, చివర్లో కరివేపాకు. ఒక ఆవగింజ ఎగిరి పేటా మీద పడింది. జరీ కాలిన వాసన వచ్చింది గానీ చూసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తిరగవాత పులుసులో పడి చుయ్యిమనగానే, లోపలి నుంచి ఐదు గొంతులు “ఆఁ... ఇప్పుడప్పా!” అన్నాయి.

కొత్త ఆకులు వేయించి మళ్ళీ వడ్డించాను. పెద్దామె ముద్ద తుంచి, పులుసులో అద్ది, మింగింది. కాసేపు కళ్ళు మూసుకుంది.

“చింతామణి ఆయమ్మ బాగా నేర్పించిందప్పా నీకు.”

కోడలికి పొలమారింది. పక్కావిడ వీపు మీద చరిచింది.

“మీకు తెలుసా?” అన్నాను.

“కిటికీ మూస్తావు, సరే. పొగగూడు మూస్తావా?” అంది కోడలు, కళ్ళు తుడుచుకుంటూ. “మీ ఇంట్లో ఆవాలు పేలేది వినేదాకా మా అత్త పడుకోదు. ‘పేలినాయి, పటేలప్ప ఉండాడు. మనకి పని లేదు’ అని అప్పుడు దుప్పటి కప్పుకుంటాది.”

నేను పెద్దామె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. రెండో ముద్ద తుంచుతోంది.

“ఊరికే నిలబడుకోని ఉండావేం? ఇంకో గరిటె పొయ్యి” అంది.

పోశాను. ఆ రోజు ఫోనుల్లో తీసిన ఫోటోలన్నిట్లో నేను బకెట్టుతోనే ఉన్నాను. నడిమి కుర్చీలో కార్యదర్శి నాయన నిద్రపోతున్నాడు.

ఇప్పుడు కిటికీ తెరిచే వండుకుంటున్నాను. మూసి లాభం లేదు కాబట్టి. మొన్న చిక్కబళ్ళాపురంలో ఒక పెళ్ళిలో భోంచేసి వచ్చాను. కడుపు బరువుగా ఉండి, సాయంత్రం పొయ్యి వెలిగించకుండానే పడుకున్నాను. పొద్దు మునిగిన కాసేపటికి ఎవరో తలుపు దబదబా బాదారు. కోడలు.

“పటేలప్పా! ఉండావా?”

“ఉన్నానమ్మా. ఆకలి లేక వండుకోలేదు.”

“ఆకలి నీ ఇష్టం. బిన్నే, తొందరగా ఆవాలు వెయ్యి అప్పా. మా అత్త పెద్దగిన్నె దించి తోముతాండాది.”

లేచి వంటింట్లోకి పోయాను. పప్పు లేదు, పులుసు లేదు. వట్టి నూనె కాచి, పిడికెడు ఆవాలు వేసి, మూకుడును కిటికీ దగ్గరికి పట్టుకున్నాను. చివరి గింజ పేలేదాకా అలాగే నిలబడ్డాను. వీధి అవతల గిన్నె బోర్లించిన చప్పుడు వినిపించింది.