ఎర్రగా బుర్రగా ఉన్నవాడూ, వాడి అక్కా

రైలు నెల్లిమర్ల దాటగానే ఎదుటి సీటు పెద్దావిడ చూపు మా బాబు మీద ఆగి, ఏడేళ్ళ పాప మీదికి జరిగి, మళ్ళీ బాబు మీదికొచ్చింది. ప్రమాదం అప్పుడే పసిగట్టాను.

శ్రీముఖలింగంలో మొక్కు తీర్చడానికి పిల్లలతో విజయనగరంలో ఉదయం ఏడింటి పాసింజరెక్కాను. పోయిన వారం పాప బడి నుంచొచ్చి సగం పౌడరు డబ్బా మొహానికి రుద్దుకుంది. ఈ ఒక్క రోజూ దాని రంగు మాట ఎవరూ ఎత్తకపోతే చాలనుకున్నాను. పెద్దావిడ నోటికి అడ్డం పడుతుందని ఇడ్లీ కూడా ఇచ్చాను. తినేసింది.

"బుడ్డోడు ఎర్రగా బుర్రగా ఉన్నాడు. గుంటేటమ్మా ఇలగుంది, ఎవల పోలిక?"

నేను గొంతు సవరించుకునేలోగా ఆ గుంటే, అంటే మా పాపే, అడిగింది: "నల్లగుంటే బాగోదా మామ్మా?"

"తెల్లగుంటే ఇంకా బాగుంటాదని, అంతే."

"మరి నీ తల తెల్లగుంటే నల్లరంగెందుకేసుకున్నావు?"

పాపిట దగ్గర వేలెడు తెలుపు నిజంగానే ఉంది. ఆవిడ పక్కనే కూర్చున్న భర్త కిటికీ వైపు నుంచి తల తిప్పాడు. "సెప్పవే. నెలనెలా నాసేతే తెప్పిస్తావు కదా."

చీపురుపల్లి దాకా పెట్టంతా నవ్వింది. పెద్దావిడ కూడా నవ్వి, "దీని నోటికి దిష్టి తగిలేస్తాది. కాటుకేదమ్మా?" అంది. బాబు కోసం తెచ్చిన డబ్బా ఇచ్చాను. బుగ్గ మీద పెడితే కనబడదని అంటుందేమోనని భయపడ్డాను. ఆవిడ పాప కాలు ఒళ్ళోకి లాక్కుని అరికాలికి ఇంత చుక్క పెట్టింది. "మా గుంటలకి ఇక్కడే ఎడతాం."

మీరెప్పుడైనా శ్రీముఖలింగం వెళ్తే తిలారులో దిగండి. గుడికి ఆటోలుంటాయి, రేటు ముందే మాట్లాడుకోండి. దర్శనం అరగంటలో అయింది. వంశధార గట్టున పులిహోర తిన్నాం.

తిరుగు రైల్లో పిల్లలు నిద్రపోతే రంగుల లెక్క వేశాను. బాగుపడితే పచ్చగా ఉన్నారంటాం. దొంగ సొమ్ము నల్లది. ఏమీ తెలియనివాడిది తెల్లమొహం. అది తిట్టేనని తెలిసీ పెళ్ళిచూపుల్లో దాన్నే వెతుకుతాం.

మర్నాడు పొద్దున్నే పాప పౌడరు ముట్టుకోకుండా బడికి తయారైంది. ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను: "మళ్ళీ ఎవరైనా రంగు గురించి అడిగితే మీరు తొందరపడకండి. రాత్రంతా మేలుకుని నాలుగు జవాబులు ఆలోచించి పెట్టాను. ఒక్కసారైనా నన్ను చెప్పనివ్వండి."