వాగుబాటలో దొరికిన బిళ్లలు

మస్కట్ నుంచి పూర్తిగా వచ్చేశాక కోరుట్లలో నాకు పని లేదు, మాట్లాడే మనిషీ లేదు. నా భార్య పోయి అప్పటికి ఆరేళ్లు. ఫోన్లో వీడియోలు చూసి చూసి, మట్టిలో ఇనుమో ఇత్తడో ఉంటే కూసే డిటెక్టర్ ఒకటి తెప్పించుకున్నాను. నిజాం కాలపు వెండి దొరుకుతుందన్న ఆశ కాదు. అది కూసినప్పుడల్లా నన్నెవరో పిలిచినట్టుండేది.

వాగుకు పోయే బాటలో మరీ ఎక్కువగా కూసేది. తవ్వితే అన్నీ మట్టి పట్టిన రూపాయి బిళ్లలు, పసుపు రంగు ఐదు రూపాయల బిళ్లలు. ఇంత చిల్లర పారేసుకున్న మహానుభావులెవరా అని నవ్వుకున్నాను. ఇంటికి తెచ్చి, చింతపండు నీళ్లలో నానేసి, పాత బ్రష్షుతో తోమేవాణ్ని. రూపాయి బిళ్లలు ఓ పట్టాన లొంగవు. ఐదు రూపాయలవి మాత్రం ఇత్తడి చెంబులా తళతళలాడతాయి. ఆ పనిలో పడితే ఇల్లు అంత ఖాళీగా అనిపించేది కాదు.

సిరిసిల్ల నుంచి బిడ్డ వచ్చినప్పుడు పళ్లెంలో పోసి గొప్పగా చూపించాను. ఎక్కడివని అడిగింది. చెప్పగానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బాపూ, గా బాటెంటనే గదా పీనుగులను తీస్కపోయేది. గివి శవం మీద చల్లిన పైసలు. ఇంట్లకు తెత్తరా ఎవలన్న?"

పద్దెనిమిదేళ్లు పరాయి దేశంలో ఉండి, ఊళ్లో ఒక్క చావుకూ అందని నాకు ఆ సంగతి తట్టనే లేదు.

"అమ్మ మీద నేనే చల్లిన. నువ్వు లేకపోతివి" అంది, మెల్లగానే.

నాకు కోపమొచ్చింది. కావాలని రాలేదా? యజమాని దగ్గరున్న పాస్‌పోర్టు చేతికొచ్చేసరికి పదకొండో రోజు కూడా దాటిపోయింది. అది దానికీ తెలుసు. అయినా నా భార్య మీద నా చేత్తో ఒక్క బిళ్ల కూడా పడలేదన్నది నిజమే కదా.

మర్నాడు పొద్దున బిడ్డను బస్సెక్కించి, బిళ్లలన్నీ సంచిలో పోసుకుని వాగుబాట పట్టాను. నడుస్తూ గుప్పెడు గుప్పెడు చల్లుతున్నాను. ఎదురుగా మోటార్ సైకిల్ మీద వస్తున్న ఒకతను ఆగాడు.

"కాకా, పైసలు పడిపోతున్నయ్."

"పడుతలేవు. నేనే చల్లుతున్న."

అతను నా వెనక్కి చూశాడు. పాడె లేదు, డప్పు లేదు, మనుషులు లేరు.

"ఎవలు వోయిండ్రు కాకా?"

"మా ఇంటామె."

"అయ్యో, ఎప్పుడు?"

ఆరేళ్లయిందని చెప్పడానికే నోరు తెరిచాను.

"గిప్పుడే" అన్నాను.