నలభై ఒక్క రద్దులు

మూత్రపిండాలు పాడైనవాళ్లకు రక్తం శుద్ధి చేసే డయాలసిస్ సెంటర్లో ఆమె ఇరవై రెండేళ్లుగా అపాయింట్‌మెంట్లు చూస్తోంది. ఏం చెప్పినా “సరేగానీ…” అంటూ ఓ ప్రశ్న వేస్తుంది కాబట్టి అందరూ సరేగానీ అక్క అంటారు. ఎదురుగానే అంటారు. ఆమె ఏమీ అనుకోదు.

నిరుడు ఆ సెంటర్‌కి ఏఐ ఏజెంట్ వచ్చింది. రోగులకు మెసేజ్‌లు పంపడానికి, టైములు మార్చడానికి, వ్యాన్ పిలవడానికి అప్పటికే అక్కడ ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ ఉంది. ఇకమీదట ఆ బటన్లన్నీ ఏజెంటే నొక్కుతుందన్నాడు ఇంజినీరు.

“సరేగానీ తమ్ముడూ, రద్దు బటన్ కూడానా?”

“అన్నీ ఇస్తేనే కదక్కా మీకు పని తగ్గేది!”

“ఒక్క పూట రద్దయితే మనిషికి ఒళ్లంతా నీరు పడుతుంది. ఆ సంగతి దానికి తెలుసా?”

ఆమె రెండు రోజులు కూర్చుని ఒక్కో బటన్‌కీ లెక్క తేల్చింది. ఏజెంట్ అపాయింట్‌మెంట్ల పట్టిక చూడొచ్చు, గుర్తుచేసే మెసేజ్‌లు పంపొచ్చు. టైము మార్చాలన్నా, రద్దు చేయాలన్నా మాత్రం ముందు ఆమె స్క్రీన్ మీదికి రావాలి. ఆమె ఒప్పుకుంటేనే జరగాలి. వ్యాన్ల జోలికి పోలేదు. వాటితో ఏం కొంప మునుగుతుందిలే అనుకుంది.

“ఇంత చాదస్తమైతే ఎలాగక్కా!” అని గొణుగుతూనే ఇంజినీరు అలాగే అమర్చాడు.

నాలుగు నెలలు సాఫీగా గడిచాయి. ఒక సోమవారం పొద్దున ఆమె భుజాన సంచీ తీయకుండానే కంప్యూటర్ తెరిచింది. స్క్రీన్ నిండా ఆమె ఒప్పుకోలు కోసం ఆగి ఉన్న రద్దులు, నలభై ఒకటి. ఆ రోజు రావలసినవాళ్లందరివీ. నీళ్ల ప్లాంట్ ఆపుతున్నారు, అని కారణం రాసుంది. ప్లాంట్ లేనిదే మెషీన్లు నడవవు.

సంచీతోనే టెక్నీషియన్ గదికి పరుగెత్తింది.

“ప్లాంట్ ఇవాళ ఆపుతున్నావా?”

“ఇవాళెందుకక్కా? వచ్చే సోమవారమని మెయిల్ పెట్టాను కదా!”

ఏజెంట్ వారం పొరబడిందన్నమాట. ఆమె వెనక్కి వచ్చి నలభై ఒక్కటీ తిరగ్గొట్టి, కుర్చీలో కూలబడింది. ఊపిరి తీసుకునేలోపే ఫోన్ మోగింది. వ్యాన్ డ్రైవరు.

“అక్కా, ఇవాళ ఎవర్నీ తీసుకురావద్దని మెసేజ్ వచ్చింది. నేను ముందుగా ఎక్కించుకునే డ్రిల్లు మాస్టారేమో తన గేటు దగ్గర నిలబడి నన్ను తిడుతున్నారు ఫోన్లో!”

“వెళ్లు నాయనా, ముందాయన్ని ఎక్కించుకో. నీ వ్యాన్లో వచ్చే మిగతా ఎనిమిది మందికీ నేను చెప్తాను.”

ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసింది. పదయ్యేసరికి తొమ్మిదిమందీ మంచాల మీద ఉన్నారు. డ్రిల్లు మాస్టారు పావుగంట ఆలస్యమైందని ఆమెను దులిపేశాడు. ఆ తిట్లు ఎంత హాయిగా ఉన్నాయో! “అలాగే మాస్టారూ, అలాగే,” అంటూ ఆయన దుప్పటి సర్దింది.

ఇంజినీరు ముఖం చిన్నబుచ్చుకుని వచ్చాడు. “ఆ రద్దు బటన్‌కి మీరు అడ్డుపడకపోయుంటే…”

“వ్యాన్ బటన్ వదిలేసింది నేనే కదయ్యా. దానికీ గొళ్లెం పెట్టు.”

సాయంత్రం ఇంట్లో ఆడపడుచుకు ఇదంతా చెబుతూ చెబుతూ సగంలోనే పకపకా నవ్వేసింది.

“ఏడుస్తావనుకున్నాను వదినా!”

“పొద్దున ఏడవాల్సింది. తీరిక దొరకలేదు.”